బండలాగుడు పందెములకు పోవువారికి దారి నియమములు

సంక్రాంతికిని, తిరునాళ్ళకును ప్రకాశం, గుంటూరు సీమలలో జరుగు ఎడ్ల బండలాగుడు పందెములు రైతులకు ఎంత ప్రియమైనవో వేరుగ చెప్పనక్కరలేదు. గిత్తల పండ్లనుబట్టి తరగతులు ఏర్పరచి, నియమిత కాలములో ఏ జత బండను ఎంత దూరము లాగినదో కొలిచి బహుమతులిత్తురు. ఒంగోలు జాతి గిత్తలను కన్నులార చూచుటకు దూరపు గ్రామములనుండియు జనులు వత్తురు. పూర్వము కాలినడకను, ఎడ్లబండ్లపైనను వచ్చెడివారు. నేడు మోటారు సైకిళ్ళు, కార్లు, ట్రాక్టర్లపై వచ్చుచున్నారు. కావున దారి నియమములు ఎల్లరును తెలిసికొనవలయును.

చీమకుర్తి ఒంగోలునుండి కర్నూలు పోవు మార్గముపై నున్నది. ఇచటి గెలాక్సీ గ్రానైటు రాతిదిమ్మెలు లారీలపై ఈ దారినే పోవును. అట్టి బరువుబండి తలచిన చోట ఆగజాలదు. ఏ బండికైనను వేగము రెట్టింపైనచో, బ్రేకు వేసిన పిదప ఆగుటకు పట్టు దూరము నాలుగు రెట్లగును. లారీకి ఎదురుగ దూరి ముందుబండిని దాటబోవుట ప్రాణాపాయకరము.

మొదటి నియమము కాడి కట్టువారికి సులభముగ బోధపడును: దాపటి ప్రక్కగ నడువవలెను, ముందుబండిని వలపటి ప్రక్కనుండి దాటవలెను. మలుపులలోను, వంతెనలపైనను దాటరాదు.

ట్రాక్టరు ట్రక్కు సరకులకే గాని మనుష్యులకు కాదు. అది బోల్తాపడినచో పట్టుకొనుటకు ఆధారముండదు. గిత్తలను తరలించు లారీలో ఆరు పశువులకు మించి ఎక్కింపరాదనియు, వెంట ఒక మనిషి ఉండవలెననియు 1978 నాటి నిబంధనలు చెప్పుచున్నవి.

మోటారు సైకిలుపై ఇరువురికి మించి ఎక్కరాదు. ఇరువురును హెల్మెట్టు ధరింపవలెను. 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టము ప్రకారము హెల్మెట్టు లేనివారికి 1,000 రూపాయల జరిమానా కలదు. త్రాగి నడుపువారికి మొదటి తప్పునకే 10,000 రూపాయల జరిమానాయో, ఆరు నెలల వరకు ఖైదో, రెండునో విధింపవచ్చును. పసివారి చేతికి బండి ఇచ్చినచో తండ్రికి గాని బండి యజమానికి గాని మూడేండ్ల వరకు ఖైదు, 25,000 రూపాయల జరిమానా తప్పవు.

పందెములు ముగియుసరికి చీకటి పడుట కద్దు. తిరుగు ప్రయాణమున మరింత మెలకువ వలయును. వెనుక దీపము గాని, ఎఱ్ఱని మెరుపుబిళ్ళలు గాని లేని ట్రక్కు చీకటిలో వెనుకనుండి వచ్చువారికి కనబడదు. దానిని బాటపై నిలిపి పోరాదు. ఎదురుగ బండి వచ్చునపుడు పెద్ద దీపమును తగ్గింపవలెను. కాలినడకను పోవువారు ఎదురు వచ్చు బండ్లు కనబడునట్లు కుడి అంచున నడచుట మేలు.

ఎవరికైనను గాయమైనచో 108కి ఫోను చేయుడు. సద్భావముతో సాయపడినవారిని కేసులలోనికి లాగరాదని, పేరు చెప్పుమని నిర్బంధింపరాదని చట్టము అభయమిచ్చుచున్నది. కావున పోలీసు భయముతో క్షతగాత్రుని దారిలో విడిచిపోవలసిన పనిలేదు.

పందెములు జరిపించు పెద్దలకును మా మనవి యొకటి. బండ్లు నిలుపుటకు బాటకు ఎడముగ పంటలేని చేనిని ముందే చూపుడు. బాట కలియు చోట దీపము పెట్టి ఇద్దరు యువకులను నిలుపుడు. గిత్తల నీటికి, మేతకు ముందుగ ఏర్పాట్లు చేయు గ్రామమునకు ఇది భారము కాదు. పందెము చూడవచ్చిన ప్రతి అతిథియు ఆ రాత్రి క్షేమముగ తన ఇల్లు చేరవలెను.