పెడిగ్రీ కాగితంలో కనిపించని రాయి

మగకుక్క కాలెత్తి నిలబడుతుంది. ఎంతసేపున్నా రెండు చుక్కలే. నాలుగడుగులు వేసి మళ్లీ కాలెత్తుతుంది. వీధిలో హద్దులు గీసుకుంటోందిలే అని చాలామంది పట్టించుకోరు. చుక్కల్లో ఎరుపు కనిపించాక గానీ డాక్టరు దగ్గరికి పరుగెత్తరు. రాళ్లని అనుమానం రాగానే ఆయన అడిగే ప్రశ్నల్లో ఒకటి, ‘ఇది ఏ జాతి?’

రాళ్లన్నీ ఒకటి కావు మరి. ఆడకుక్కల్లో ఎక్కువగా కనిపించే స్ట్రూవైట్ సాధారణంగా మూత్రంలో ఇన్ఫెక్షన్ వల్ల పుడుతుంది. యాంటీబయాటిక్‌కు ప్రత్యేక ఆహారం తోడైతే చాలావరకు కరుగుతుంది కూడా. కాల్షియం ఆక్సలేట్ మొండిది. అపార్ట్‌మెంట్లలో ముద్దుగా తిరిగే షిట్జూ, లాసా ఆప్సోలకు, మినియేచర్ ష్నాజర్‌కు దీని బెడద ఎక్కువ. మందుకు లొంగదు, బయటికి తీయాల్సిందే. ఎవరో చెప్పారని కొండపిండి ఆకు రసం పట్టినా అది కరగదు. న్యూఫౌండ్‌ల్యాండ్‌కు సిస్టీన్ రాళ్లు. ఇక మచ్చల కుక్క డాల్మేషన్‌ది యూరేట్ రాయి. దాని కథ రోగంతో మొదలై మనుషుల పట్టుదల దగ్గర తేలుతుంది.

మాంసంలో, ముఖ్యంగా కార్జంలో ఉండే ప్యూరిన్లు ఒంట్లో యూరిక్ యాసిడ్‌గా మారతాయి. మామూలు కుక్క కాలేయం దాన్ని ఒక ఎంజైమ్‌తో అల్లంటోయిన్‌గా మార్చేస్తుంది. అది నీళ్లలో ఇట్టే కరిగి మూత్రంలో పోతుంది. మనిషికి ఆ ఎంజైమ్ లేదు. డాల్మేషన్‌కు ఉంది గానీ యూరిక్ యాసిడ్‌ను కాలేయ కణంలోకి చేర్చే ద్వారం సరిగా పనిచేయదు. మూత్రపిండాల్లోనూ అదే లోపం కావడంతో రక్తంలోకి తిరిగి రావాల్సిందంతా మూత్రంలోకే పోతుంది. డాల్మేషన్ మూత్రం మిగతా కుక్కల మూత్రంలాంటిది కాదని 1916 నాటికే తెలుసు. కారణం ఎస్‌ఎల్‌సీ2ఏ9 అనే జన్యువులో ఉందని 2008లో కాలిఫోర్నియా యూనివర్సిటీ (డేవిస్)లో డానికా బన్నాష్ బృందం తేల్చింది. స్వచ్ఛమైన డాల్మేషన్ అనిపించుకున్న ప్రతి కుక్కలోనూ ఆ జన్యువు రెండు ప్రతులూ చెడిపోయినవే.

అయినా అన్నింటికీ రాళ్లు పడవు. అవస్థ పడేవి ఎక్కువగా మగవే. మగకుక్క అంగంలో సన్నటి ఎముక ఉంటుంది. మూత్రనాళం దాని అడుగున గాడిలోంచి వెళ్తుంది. అక్కడ నాళం సాగడానికి చోటు లేదు. ఆవగింజంత రాళ్లు వరస కట్టి సరిగ్గా ఆ ఎముక వెనకే ఇరుక్కుంటాయి. డాక్టరు క్యాథెటర్ తోస్తుంటే గరగరమని చేతికి తగులుతుంది. పైగా యూరేట్ రాయి మామూలు ఎక్స్‌రేకు తరచూ దొరకదు, అల్ట్రాసౌండ్ చేయాలి. మూత్రం పూర్తిగా బిగుసుకుపోతే రేపు చూద్దామనుకోవడానికి లేదు, ప్రాణం మీదికొస్తుంది.

అసలు కోపం తెప్పించేది ఇక్కడే. దీనికి విరుగుడు దొరికి యాభై ఏళ్లు దాటింది. అమెరికాలో డాల్మేషన్లు పెంచే జన్యుశాస్త్రవేత్త రాబర్ట్ షైబుల్ 1973లో ఒక డాల్మేషన్‌ను పాయింటర్ జాతి కుక్కతో దాటించారు. ఒక్కసారే. ఆ తర్వాత ప్రతి తరంలోనూ డాల్మేషన్‌తోనే సంకరం చేస్తూ, మంచి జన్యువు వచ్చిన పిల్లలనే ఏరుకుంటూ వెళ్లారు. ఐదో తరానికి పాయింటర్ వాటా నూటికి మూడు వంతులు. 1981లో అమెరికన్ కెన్నెల్ క్లబ్ అలాంటి రెండు కుక్కలను నమోదు చేసుకుంది. డాల్మేషన్ పెంపకందారులు ససేమిరా అన్నారు, నమోదు ఆగిపోయింది. మళ్లీ తలుపు తెరిచింది 2011లో. బ్రిటన్‌లోని కెన్నెల్ క్లబ్ అంతకు ముందు ఏడాదే అమెరికా నుంచి వచ్చిన ఫియోనా అనే కుక్కను నమోదు చేసుకుంటే అక్కడా గొడవే. ‘సంకరజాతి’ అన్నారు. పందొమ్మిదో శతాబ్దంలో కాగితాల మీద కట్టిన గోడ కోసం ఇన్ని కుక్కలు మూత్రం బిగుసుకుని మూలగాలా? వంశశుద్ధి పిచ్చి మనుషులతో ఆగితే బాగుండేది.

ఇప్పటికే ఇంట్లో డాల్మేషన్ ఉన్నవాళ్లు చికెన్ షాపులో చవగ్గా దొరికే కార్జాలు, కందనకాయలు మానిపించాలి. విచిత్రంగా మన పెరుగన్నం, ఉడికించిన గుడ్డు దానికి మంచి తిండే, ప్యూరిన్లు తక్కువ. అన్నం జారుగా నీళ్లు కలిపి పెట్టాలి, మూత్రం పలచగా ఉండాలి. ఎనిమిదో అంతస్తు ఫ్లాట్ అయినా సరే, మధ్యాహ్నం ఒకసారి కిందికి తీసుకెళ్లాలి. అల్లోప్యూరినాల్ మాత్ర డాక్టరు చెబితేనే. మాత్ర మింగిస్తూ కార్జం కూడా పెడితే ఈసారి జాంథైన్ రాళ్లు తయారవుతాయి.

జన్యుపరీక్ష ఉంది కదా అంటారు. మామూలు డాల్మేషన్‌కు అది దండగ, ఫలితం ముందే తెలుసు. పనికొచ్చేది బుల్‌డాగ్‌కు. ఆ జాతిలో ఈ లోపం కొన్నింటికే ఉంటుంది కాబట్టి, జత కట్టించే ముందు రెండింటికీ పరీక్ష చేయిస్తే రాళ్ల పిల్లలు పుట్టకుండా చూసుకోవచ్చు. పాయింటర్ అవసరం కూడా లేదు.