పరాయి బిల్లుల్లో పవన విద్యుత్తు

అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్‌లో పవన, సౌర విద్యుత్తుకు ఇచ్చే పన్ను రాయితీలపై మూడు దశాబ్దాలుగా సాగిన వివాదంలో రెండు ప్రశ్నలు పెనవేసుకుని ఉన్నాయి. ఆ రాయితీ ఇవ్వడం సబబా కాదా అన్నది మొదటిది. సబబే అనుకున్నా, బ్యాంకులకో రహదారులకో ఉద్దేశించిన బిల్లులో దాన్ని చేర్చి గట్టెక్కించడం న్యాయమా అన్నది రెండోది. మొదటి ప్రశ్న మీద జరిగిన చర్చే ఎక్కువ మందికి తెలుసు గాని, ఈ రాయితీ ఎన్నడూ ఎందుకు నిలదొక్కుకోలేదో తెలియాలంటే రెండో ప్రశ్ననే పరిశీలించాలి.

పవన విద్యుత్తుకు ఉత్పత్తి ఆధారిత రాయితీ 1992 నాటి ఇంధన విధాన చట్టంతో పుట్టింది. గాలిమర తయారుచేసి అమ్మిన ప్రతి కిలోవాట్ అవర్‌కు, అంటే ఇళ్లకు వచ్చే కరెంటు బిల్లుల్లో యూనిట్ అని రాసే పరిమాణానికి, ఒకటిన్నర సెంటు చొప్పున మొదటి 10 ఏళ్లపాటు సంస్థ కట్టవలసిన ఆదాయపు పన్నులో తగ్గించేవారు. ధరల పెరుగుదలను అనుసరించి ఆ మొత్తం 2012 నాటికి 2.2 సెంట్లయింది. 2 మెగావాట్ల గాలిమర తన సామర్థ్యంలో 35 శాతం మేరకు పనిచేస్తే ఏడాదికి సుమారు 61 లక్షల యూనిట్లు వస్తాయి గనుక, 2012 రేటు ప్రకారం ఆ ఒక్క మర మీదనే ఏటా దాదాపు 1,35,000 డాలర్ల పన్ను మిగులుతుంది.

అయితే కాంగ్రెస్ ఈ నిబంధనకు గడువు పెట్టింది. 1999లోనూ, 2001, 2003 సంవత్సరాంతాల్లోనూ గడువు తీరిపోయి, కొన్ని నెలలకు మరేదో చట్టంతో మళ్లీ ప్రాణం పోసుకుంది. ఇలా తరచూ పొడిగింపు కోరే పన్ను మినహాయింపులన్నిటినీ ఒకే మూటగా కట్టి ‘ఎక్స్‌టెండర్లు’ అంటారు. ఆ మూటను ఆమోదించక తప్పని పెద్ద బిల్లుకు తగిలించడం పరిపాటి అయింది. సవరణ బిల్లు విషయానికి సంబంధించినదై ఉండాలన్న నియమం ప్రతినిధుల సభలో ఉన్నా, సెనేట్‌లో సాధారణంగా అలాంటి కట్టుబాటు లేదు. బిల్లులో కొంత భాగాన్ని మాత్రమే తిరస్కరించే అధికారం అధ్యక్షుడికి కూడా లేదు. 1996లో చేసిన చట్టం ఆ వెసులుబాటును పరిమితంగా కల్పించినా, సుప్రీంకోర్టు 1998లో దాన్ని కొట్టివేసింది.

ఈ పద్ధతి ఎంత దూరం పోగలదో 2008 శరదృతువులో తేలింది. కుప్పకూలుతున్న ఆర్థిక సంస్థలను ఆదుకోవడానికి 70,000 కోట్ల డాలర్లు కేటాయించే బిల్లును సెప్టెంబరు 29న ప్రతినిధుల సభ 228–205 ఓట్లతో తిరస్కరించింది. పన్నులకు సంబంధించిన బిల్లులు ప్రతినిధుల సభలోనే మొదలవ్వాలని రాజ్యాంగం చెబుతున్నందున, ఆ సభ అంతకుముందే ఆమోదించి పంపిన మానసిక ఆరోగ్య బీమా బిల్లును సెనేట్ పైకి తీసి, అందులో బ్యాంకుల సహాయాన్నీ ఎక్స్‌టెండర్ల మూటనూ నింపింది. పవన విద్యుత్తు రాయితీకి ఏడాది, సౌర విద్యుత్తు పెట్టుబడిపై 30 శాతం రాయితీకి ఎనిమిదేళ్లు పొడిగింపు దొరికాయి. పిల్లలు ఆడుకునే ఒక రకం చెక్క బాణాలపై ఉన్న 39 సెంట్ల సుంకం కూడా అందులోనే రద్దయింది. అక్టోబరు 3న అదే ప్రతినిధుల సభ దాన్ని 263–171 ఓట్లతో ఆమోదించింది.

వ్యతిరేకత 2012లో పదునెక్కింది. ఉద్యోగుల జీతాల నుంచి కోసే పన్నును తగ్గించే బిల్లులో ఈ రాయితీని చేర్చాలన్న ప్రయత్నం ఏడాది ఆరంభంలోనే విఫలమైంది. మార్చిలో రహదారుల బిల్లుకు మిషిగన్ సెనేటర్ డెబీ స్టాబెనో తెచ్చిన సవరణకు 60 ఓట్లు అవసరం కాగా 49–49 దగ్గరే ఆగిపోయింది. టెనసీ సెనేటర్ లమార్ అలెగ్జాండర్, కాన్సస్ ప్రతినిధి మైక్ పాంపియో ఈ రాయితీని గట్టిగా వ్యతిరేకించగా, వారి రిపబ్లికన్ పార్టీకే చెందిన అయోవా సెనేటర్ చక్ గ్రాస్లీ దానికి ఆద్యుడు, సమర్థకుడు. 20 ఏళ్ల పరిశ్రమకు ఇంకా ఊతకర్ర ఎందుకన్నది వ్యతిరేకుల మొదటి మాట. గాలి బాగా వీచే రాత్రివేళ గిరాకీ లేనప్పుడు, యూనిట్‌కు ఒక సెంటు ఎదురిచ్చి కరెంటు వదిలించుకున్నా పన్ను రాయితీ వల్ల గాలిమరల యజమానికి ఇంకా లాభమే మిగులుతుందనీ, నిరంతరం నడవవలసిన అణువిద్యుత్ కేంద్రాలు దానివల్ల నష్టపోతాయనీ రెండో వాదన. రహదారుల కోసం ఓటు వేయదలచిన సభ్యుడి చేత చర్చ లేకుండా గాలిమరలకూ ఓటు వేయించడం ప్రజల సొమ్ముకు జవాబుదారీ లేకుండా చేయడమేనన్నది మూడోది.

సమర్థకుల సమాధానంలోనూ బలముంది. చమురు బావుల తవ్వకం ఖర్చును వెంటనే ఆదాయం నుంచి మినహాయించుకునే వీలు 1913 నుంచీ, బావి తరుగుదలకు ఆదాయంలో నిర్ణీత శాతాన్ని మినహాయించే వీలు 1926 నుంచీ ఉన్నాయి. వాటికి గడువు లేదు గనుక ఏ బిల్లు చూరు పట్టుకుని వేలాడవలసిన అగత్యం కూడా లేదు.

చివరికి 2013 జనవరి 2న, మూకుమ్మడి పన్ను పెంపులను నివారించడానికి తెచ్చిన చట్టంలో ఏడాది పొడిగింపు లభించింది. పదేళ్లలో దానివల్ల ఖజానాకు తగ్గే ఆదాయం 1,210 కోట్ల డాలర్లని అంచనా. అప్పటికే నష్టం జరిగిపోయింది. గడువు ముంచుకొస్తుందని 2012లో హడావిడిగా 13,000 మెగావాట్లకు పైగా నెలకొల్పిన పరిశ్రమ, చేతిలో కొత్త ఆర్డర్లు లేక 2013లో సుమారు 1,100 మెగావాట్లకు పడిపోయింది. తరవాతి పొడిగింపు చట్టం 2014 డిసెంబరు 19న వచ్చి, అదే నెల 31తో ముగిసింది. 2015లో మాత్రం, 40 ఏళ్లుగా ముడిచమురు ఎగుమతిపై ఉన్న నిషేధం ఎత్తివేతకు బదులుగా, ప్రభుత్వ వ్యయ బిల్లులోనే క్రమంగా తగ్గిపోయే అయిదేళ్ల రాయితీ దక్కింది. 2020 డిసెంబరులో కోవిడ్ సహాయంతో కలిపి తెచ్చిన 5,593 పుటల బిల్లు, సభ్యుల చేతికి వచ్చిన రోజునే రెండు సభల్లోనూ ఆమోదం పొందింది. మరో ఏడాది పొడిగింపు అందులో ఉంది.

ద్రవ్యోల్బణం పేరు పెట్టుకున్న 2022 చట్టం ఈ రాయితీలను దీర్ఘకాలానికి విస్తరించినప్పుడు సెనేట్‌లో ఓట్లు 50–50గా చీలగా, ఉపాధ్యక్షురాలి ఓటే నిర్ణాయకమైంది. 2025 జులై 4న మరో భారీ చట్టం, అదే విధంగా ఉపాధ్యక్షుడి ఓటుతో సెనేట్ దాటి, వాటిని కత్తిరించింది: 2026 జులై 4లోగా నిర్మాణం మొదలుపెట్టని పవన, సౌర కేంద్రాలు 2027 చివరిలోగా ఉత్పత్తిలోకి వస్తేనే రాయితీ వర్తిస్తుంది. పరాయి బిల్లుల్లో చేర్చడాన్ని తప్పుపట్టిన పక్షానికి, పరాయి బిల్లు ద్వారా తొలగించడం అభ్యంతరకరంగా తోచలేదు. 2008లో పిల్లల బాణాల సరసన చోటు సంపాదించుకున్న రాయితీకి, 2025లో హోటలు సర్వర్ల టిప్పులపై పన్ను మినహాయించిన చట్టంలోనే గడువు రాసిపెట్టారు. రెండు సందర్భాల్లోనూ తుది ఓటు పడింది మొత్తం మూటకే గాని పవన విద్యుత్తుకు కాదు.