తల్లి కోసం ఒక పండు

నార్నియా అనే ఊహాలోకపు కథలను ఏడు పుస్తకాలుగా వ్రాసిన సి.ఎస్. లూయిస్ 1898లో ఐర్లాండులోని బెల్‌ఫాస్టులో జన్మించారు. ఆ కథల్లో ఆయనను ఎక్కువగా పోలిన పాత్ర ఎవరు? డిగొరీ అనే బాలుడు.

1908లో లూయిస్ తల్లి ఫ్లోరా క్యాన్సరుతో మంచాన పడింది. అమ్మ బాగుపడాలని తొమ్మిదేళ్ల ఆ పసివాడు ప్రార్థించాడు. అయినా ఆగస్టు నెలలో ఆమె కన్నుమూసింది.

1955లో వెలువడిన 'మాంత్రికుని మేనల్లుడు' కథలో డిగొరీ తల్లి కూడా మరణపడక మీద ఉంటుంది. అతని దుఃఖం చూచి అస్లాన్ అనే సింహరాజు కళ్లల్లో నీళ్లు నిండుతాయి. ఒక తోటలోని పండు తెమ్మని అస్లాన్ అతణ్ణి పంపిస్తాడు. దాన్ని దొంగిలించి తల్లికి పెట్టుకొమ్మని మంత్రగత్తె శోధిస్తుంది. డిగొరీ లొంగక, ఇచ్చిన మాట నిలుపుకొంటాడు. అప్పుడు అస్లాన్ తానే మరో పండు ఇస్తాడు. తల్లి స్వస్థపడుతుంది.

డిగొరీ పెద్దవాడై ప్రొఫెసరవుతాడు. యుద్ధకాలంలో లండను పిల్లలకు తన ఇంట ఆశ్రయమిస్తాడు. ఆక్స్‌ఫర్డులో బోధించిన లూయిస్ కూడా 1939లో అలాగే చేశారు.

ప్రియ పాఠకులారా, ప్రార్థించినా అమ్మను కోల్పోయిన బిడ్డ మీ వీధిలో ఉండవచ్చు. అమ్మ ఎందుకు పోయిందో మనం చెప్పలేకపోవచ్చు. ఆ బిడ్డతో కలిసి కన్నీరు కార్చగలం.