సాంచా విడిచినంక చేతికొచ్చిన ఫోన్

పద్మానగర్ అయినా, కామత్‌ఘర్ అయినా, మన తెలుగోళ్ళ ఏ గల్లీకి పోయినా పని విడిచిన పెద్దవాళ్ళ చేతిల ఇప్పుడు ఫోన్ కనబడుతది. కొందరు పాటలు వినడానికే వాడుతరు. కొందరు మనవడు పక్కన లేకపోతే దాన్ని ముట్టుకోరు. ఇంకొందరు "పైసలు పోతయట, మాకెందుకు ఆ గోల" అని మూలకు పెట్టేసిన్రు.

నేను నాలుగో తరగతి వరకే చదివిన. బతుకంతా దారం మధ్యనే గడిచింది. అయినా ఏడెనిమిది యాప్‌లు ఎవరినీ అడగకుండా వాడుకుంటున్న. అవి ఏమిటి, ఎందుకు పనికొస్తయి, ఎక్కడ జాగ్రత్త పడాలె అన్నది మన పత్రిక చదివే అన్నలకు, అక్కలకు, వదినెలకు చెప్పాలని రాస్తున్న. పిల్లలకు ఇవి కొత్తేం కావు. ఇది మన వయసోళ్ళ కోసం.

ఒక మాట ముందే చెప్తా. ఇప్పటివరకు ప్రతి పనికీ మనం జిరాక్స్ దుకాణానికి పోతున్నం. ఫారం నింపితే ఇంత, ప్రింట్ తీస్తే ఇంత అని ఇస్తున్నం. పైసలు పోతే పోయినయి గానీ, కొందరు పెద్దవాళ్ళు ఆధార్ నంబరు, ఓటీపీ, చివరికి ఏటీఎం పిన్ కూడా ఆ దుకాణం పిల్లగానికే చెప్తున్నరు. ఫోన్ నేర్చుకోవడమంటే షోకు కాదు. మన తాళం చెవి మన దగ్గరే పెట్టుకోవడం.

రాని భాషను చదివిపెట్టేది

భివండీలో మనకున్న పెద్ద ఇబ్బంది భాష. మాట్లాడటానికి హిందీ వస్తది, మరాఠీ కూడా కొంత వస్తది. చదవమంటే మాత్రం మనలో చాలామందికి రాదు. మున్సిపాలిటీ నోటీసు మరాఠీలో, మందుల డబ్బా ఇంగ్లీషులో, దుకాణం బోర్డు ఉర్దూలో ఉంటయి.

దీనికి గూగుల్ ట్రాన్స్‌లేట్ అనే యాప్ ఉన్నది. దాంట్లో కెమెరా బొమ్మ నొక్కి కాగితం మీద పట్టుకుంటే, మరాఠీ అక్షరాల మీదనే తెలుగు అక్షరాలు కనబడుతయి. తెలుగు అంత శుద్ధంగా ఉండదు, ఒక్కోసారి నవ్వొస్తది కూడా. కానీ అది ఇంటిపట్టీ కాగితమా, నీళ్ళ బిల్లా, గడువు ఏ తారీఖు అన్నది తెలుస్తది. మందుల విషయంలో మాత్రం దాని మీదనే ఆధారపడొద్దు. డాక్టరునో, మందుల దుకాణమాయననో అడగాలె.

రాయడం కష్టమైనవాళ్ళకు నోటితో చెప్తే రాసే సౌకర్యం ఉన్నది. వాట్సాప్‌లో రాసే చోట కీబోర్డు మీద చిన్న మైకు బొమ్మ ఉంటది. అది నొక్కి తెలుగులో మాట్లాడితే తెలుగు అక్షరాలు పడతయి. గూగుల్ వాళ్ళు 2017లోనే దీన్ని తెలుగుకు తెచ్చిన్రు. సెట్టింగులలో భాష తెలుగు అని పెట్టుకుంటే చాలు. ఈ వ్యాసంలో సగం నేను అట్లనే మాట్లాడి రాసిన, తర్వాత తప్పులు దిద్దుకున్న.

సాంచాల చప్పుడుకు పోయిన చెవులకు

ఇరవై ముప్ఫై ఏండ్లు సాంచాల మధ్య నిలబడ్డవాళ్ళకు చెవులు ఎట్ల ఉంటయో చెప్పక్కర్లేదు. పాళీలో సైగలతోనే మాట్లాడుకున్నం. ఇప్పుడు ఇంట్ల టీవీ సప్పుడు పెంచితే కోడండ్లు చిరాకు పడతరు. మనవరాలు ఏదో అడిగితే వినబడక తల ఊపుతం. మెల్లమెల్లగా పెద్దమనిషితో మాట్లాడటమే తగ్గిస్తరు. ఇది చాలా ఇండ్లల్ల జరుగుతున్న సంగతే.

గూగుల్ లైవ్ ట్రాన్స్‌క్రైబ్ అనే యాప్ 2019లో వచ్చింది. ఫోన్ బల్ల మీద పెడితే ఎదుటివాళ్ళు మాట్లాడిన మాట అప్పటికప్పుడు అక్షరాలుగా తెర మీద కనబడుతది. తెలుగు, హిందీ, మరాఠీ మూడూ వస్తయి. అక్షరాలు పెద్దగా చేసుకోవచ్చు. నెట్ ఉండాలె, పైసలు అక్కర్లేదు. దవాఖానలో డాక్టరు ఏం చెప్పిండో చదువుకోవడానికి ఇది బాగా పనికొస్తది. అయితే ఇది చెవి మిషనుకు బదులు కాదు. వినికిడి తగ్గినవాళ్ళు డాక్టరుకు చూపించుకోవాలె.

వేలిముద్ర అరిగినా పెన్షన్ ఆగదు

మనలో ఎక్కువమందికి పీఎఫ్ లేదు. మీటరు లెక్కన పగార్ తీసుకున్నోళ్ళం. మిల్లులల్ల, ప్రాసెస్ కంపెనీలల్ల పీఎఫ్ కట్ అయినవాళ్ళకు మాత్రం ఈపీఎస్-95 పెన్షన్ వస్తది. అది చాలా చిన్నది. 2014 సెప్టెంబరు నుంచి కనీసం నెలకు 1,000 రూపాయలు అని ప్రభుత్వం పెట్టింది. చిన్నదైనా అది మన చెమట. ఏడాదికోసారి "నేను బతికే ఉన్న" అని రుజువు ఇవ్వకపోతే అది కూడా ఆగిపోతది.

ఇంతకుముందు బ్యాంకు లైన్లల్ల నిలబడి వేలిముద్ర పెట్టేది. దారం రాసి రాసి, వయసు మీదపడి, మన వేళ్ళు నున్నగైనయి. మిషను మీద ఎన్నిసార్లు పెట్టినా పడదు. బతికున్న మనిషి ఎదురుగ నిలబడ్డా మిషను ఒప్పుకోదు.

జీవన్ ప్రమాణ్ అనే ఈ పద్ధతి 2014 నవంబరులో మొదలైంది. 2021 నవంబరు నుంచి ముఖం చూపించి రుజువు ఇచ్చే సౌకర్యం తెచ్చిన్రు. తర్వాతి ఏడాది పీఎఫ్ పెన్షన్‌వాళ్ళకూ అది వచ్చింది. దీనికి జీవన్ ప్రమాణ్ యాప్, దానితోపాటు ఆధార్ ఫేస్ ఆర్‌డీ అనే ఇంకో యాప్ వేసుకోవాలె. ఆధార్ నంబరు, పెన్షన్ పీపీఓ నంబరు, బ్యాంకు ఖాతా నంబరు దగ్గర పెట్టుకోండి. వెలుతురు ఉన్నచోట కూర్చొని, కండ్లద్దాలు తీసి, తెర మీది గుండ్రంలో ముఖం పెట్టాలె. కండ్లు మూసి తెరవమంటది. అంతే. కొడుకు ఫోన్ నుంచి కూడా మన సర్టిఫికెట్ ఇవ్వవచ్చు.

పీఎఫ్ పెన్షన్‌వాళ్ళు నవంబరు కోసమే ఆగనక్కర్లేదు. ఎప్పుడైనా ఇవ్వవచ్చు, ఇచ్చిన రోజు నుంచి ఏడాది చెల్లుతది. ఆ తారీఖు క్యాలెండర్ మీద రాసి పెట్టుకోండి.

పీఎఫ్ లేని కుటుంబాలు రెండు సంగతులు యాదిలో పెట్టుకోవాలె. 70 ఏండ్లు నిండినవాళ్ళందరికీ, ఆదాయం ఎంతున్నా, ఏడాదికి కుటుంబం మీద 5 లక్షల వరకు వైద్యం ఆయుష్మాన్ కార్డు మీద 2024 అక్టోబరు నుంచి దొరుకుతది. ఆయుష్మాన్ యాప్‌లో ఆధార్‌తో ఆ కార్డు తీసుకోవచ్చు. ఇంకా సాంచా నడుపుతున్న కొడుకులు, కోడండ్లు 16 నుంచి 59 ఏండ్ల లోపువాళ్ళైతే ఈ-శ్రమ్‌లో పేరు రాయించుకోవాలె. 59 దాటినంక కావాలన్నా కుదరదు.

పైసల యాప్: గీత ఎక్కడ గీసుకోవాలె

కూరగాయలకు, పాలకు, కరెంటు బిల్లుకు ఫోన్ నుంచి పైసలు కట్టడం ఇప్పుడు భివండీలో మామూలైంది. భీమ్ యాప్ 2016 డిసెంబరు 30న వచ్చింది, దాంట్లో తెలుగు ఉన్నది. ఫోన్‌పే, గూగుల్ పే ఏది వాడినా పని ఒక్కటే.

నేను పాటించే పద్ధతి చెప్తా. పెన్షన్, దాచుకున్న పైసలు ఉన్న ఖాతాకు ఈ యాప్ కలపలేదు. ఇంకో చిన్న ఖాతా తీసి, నెల ఖర్చుకు సరిపడ దాంట్లో వేసుకుంట. ఫోన్ పోయినా, దొంగ పడ్డా, పోయేది ఆ నెల ఖర్చే.

రెండో సంగతి అన్నిటికంటె పెద్దది. ఇంట్ల అందరూ బట్టీ పట్టాలె. పైసలు ఇచ్చేటప్పుడే పిన్ కొట్టాలె. పైసలు రావడానికి పిన్ అక్కర్లేదు, స్కాన్ అక్కర్లేదు. "మీకు పైసలు పంపుతున్న, ఈ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అని ఎవడన్నా అంటే వాడు దొంగ. ఇంక ఆలోచించక్కర్లేదు.

పోగు తెగితే సాంచా ఆపినట్టు

మా గల్లీలో ఒక ఆడబిడ్డ ఉన్నది. భర్త పోయినంక కండెలు చుట్టి, బిడ్డ పెండ్లికని పైసలు కూడబెట్టింది. వాట్సాప్‌లో ఒక పెండ్లిపత్రిక వచ్చింది. తెలిసినవాళ్ళదే అనుకొని దాన్ని నొక్కింది. అది పత్రిక కాదు, ఫోన్‌లోకి దూరే దొంగ యాప్. రెండు రోజులల్ల ఖాతా ఖాళీ అయింది. ఆమె తెలివి తక్కువది కాదు. పెండ్లిపత్రిక వస్తే తెరిచి చూడటం మన మర్యాద. ఆ మర్యాద మీదనే దొంగ దెబ్బ కొట్టిండు.

అందుకే గుర్తు పట్టడం నేర్చుకోవాలె. వచ్చిన ఫైలు పేరు చివర ఏపీకే అని ఉంటే నొక్కొద్దు. పెండ్లిపత్రిక గానీ, బ్యాంకు కాగితం గానీ, చలాన్ గానీ ఆ రూపంలో రావు. యాప్ ఏదైనా ప్లే స్టోర్ నుంచే వేసుకోవాలె.

"బిల్లు కట్టలేదు, రాత్రికి కరెంటు కట్ చేస్తం" అని ఒకడు మెసేజి పెడతడు. "మీ పేరు మీద పార్సిల్‌లో మత్తుమందు దొరికింది, మిమ్మల్ని డిజిటల్ అరెస్టు చేసినం" అని పోలీసు బట్టలేసుకొని వీడియోలో ఇంకొకడు బెదిరిస్తడు. చట్టంలో డిజిటల్ అరెస్టు అనేదే లేదు. ప్రధానమంత్రి కూడా 2024 అక్టోబరు 27న మన్ కీ బాత్‌లో ఈ సంగతే చెప్పి, ముందు ఆగండి, ఆలోచించండి, ఆ తర్వాత అడుగు వేయండి అన్నారు.

ఇది మనకు కొత్త పాఠం కాదు. పడుగు పోగు తెగితే ఏం చేసేది? సాంచా ఆపి, పోగు అతికి, మళ్ళీ నడిపేది. తెగిన పోగు చూసి కూడా నడిపితే తానంతా డ్యామేజీ. ఫోన్‌లో ఎవడన్నా తొందర పెడితే పోగు తెగినట్టే అనుకోండి. ఆపండి. ఇంట్ల ఒకరికి చెప్పండి.

అప్పటికే పైసలు పోతే సిగ్గుపడి దాచొద్దు. వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయాలె. ఎంత తొందరగా చేస్తే దొంగ ఖాతాలో ఆ పైసలు ఆపే అవకాశం అంత ఎక్కువ. పరువు పోతదని రెండు రోజులు దాచిపెడితే ఇంక దొరకవు. ఇంట్లోవాళ్ళకు కూడా ఒక మాట. పెద్దవాళ్ళు వచ్చి చెప్పినప్పుడు తిట్టకండి. తిడతరనే భయంతోనే చాలామంది దాస్తరు.

ఆపద, ప్రయాణం

112 నంబరు ఫోన్‌లో పెట్టుకోండి. పోలీసు, ఫైరు, అంబులెన్సు మూడింటికీ అదే. అంబులెన్సు కోసమే అయితే మహారాష్ట్రలో 108 ఉచితం. ఫోన్ సెట్టింగులలో అత్యవసర సమాచారం అని ఉంటది. అక్కడ మీ రక్తం గ్రూపు, షుగరు బీపీ మందుల పేర్లు, కొడుకు నంబరు రాసి పెట్టండి. దారిలో కండ్లు తిరిగి పడ్డా, తాళం తీయకుండానే ఎదుటివాళ్ళు చూడగలుగుతరు.

సంచార్ సాథీ యాప్ 2025 జనవరిలో వచ్చింది. పోయిన ఫోన్‌ను పనిచేయకుండా చేయవచ్చు. మన పేరు మీద ఎన్ని సిమ్ములున్నయో చూడవచ్చు. దొంగ ఫోన్ల మీద ఫిర్యాదు ఇవ్వవచ్చు. స్టార్, హ్యాష్, 06, హ్యాష్ కొడితే మీ ఫోన్ ఐఎంఈఐ నంబరు వస్తది. ఇప్పుడే నోటుబుక్కులో రాసి పెట్టుకోండి.

ఊరికి పోయేటప్పుడు కల్యాణ్‌లో దేవగిరి కోసం గంటల తరబడి కూర్చునే బాధ కూడా తగ్గింది. వేర్ ఈజ్ మై ట్రైన్ యాప్‌లో తెలుగు ఉన్నది. బండి ఎక్కడున్నదో, ఎంత లేటో చూసి ఇంటి నుంచి బయలుదేరవచ్చు. బండి ఎక్కినంక నెట్ లేకున్నా సెల్ టవర్లను బట్టి ఏ స్టేషను వస్తదో చెప్తది. నిజామాబాద్‌లో, కామారెడ్డిలో దిగేవాళ్ళకు ఇది పెద్ద నిమ్మళం.

కాలక్షేపం కూడా కావాలె

పన్నెండు గంటల పాళీ చేసినోళ్ళకు ఖాళీగా కూర్చోవడం రాదు. ప్రసార భారతి న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో భివండీలో కూర్చొని ఆకాశవాణి తెలుగు స్టేషన్లు వినవచ్చు. యూట్యూబ్‌లో ఒగ్గుకథలు, ఘంటసాల పాటలు, బతుకమ్మ పాటలు ఎన్ని కావాలంటే అన్ని ఉన్నయి. ఊర్ల ఉన్న తమ్ముని ముఖం వీడియో కాల్‌లో చూడవచ్చు.

ఆటలు ఆడండి గానీ పైసలు పెట్టే ఆట వద్దు. రమ్మీ అయినా ఇంకేదైనా, పైసలతో ఆడే ఆన్‌లైన్ ఆటలను ఆపుతూ 2025 ఆగస్టులో కేంద్రం చట్టం తెచ్చింది. ఇంకా ఎవడన్నా అలాంటి లింకు పంపితే తీసేయండి.

ఇవన్నీ ఒక్కరోజే నేర్చుకోవాలని పెట్టుకోకండి. వారానికి ఒక్కటి చాలు. మనవడిని పక్కన కూర్చోబెట్టుకోండి, కానీ ఫోన్ వాని చేతికి ఇయ్యకండి. వాడు చెప్పాలె, మీ వేలు నొక్కాలె. పక్కింట్ల వినబడని అన్న, చదువు రాని అక్క ఉంటే మీరు నేర్చుకున్నది వాళ్ళకూ చూపించండి. పిన్ మాత్రం మీ తలలోనే ఉండాలె. మీకు పనికొచ్చిన యాప్ ఇంకేదైనా ఉంటే మన పత్రికకు రాయండి, నలుగురికీ తెలుస్తది.