ఎల్లమ్మ గుడి సందులో నీలి కళ్ళు

హైదరాబాద్ బల్కంపేట ఎల్లమ్మ గుడి చుట్టుపక్కల సందుల్లో తిరిగే ముసలి కుక్కల్ని చూడండి. కొన్నిటి కళ్ళు పాలు కలిపిన నీలంలా ఉంటాయి. "పాపం, చూపు పోయింది" అనేస్తాం. చాలాసార్లు పోదు. ఏడెనిమిదేళ్ళు దాటాక కుక్క కంటి కటకం నడిమధ్య గట్టిపడి ఆ నీలిచాయ వస్తుంది. చూపు పెద్దగా తగ్గదు. శుక్లం వేరు. రాత్రి బండి లైటు పడగానే కన్ను పచ్చగా మెరిసిందంటే వెలుతురు లోపలిదాకా వెళ్ళి వస్తున్నట్టు. శుక్లమైతే ఆ మెరుపుకు అడ్డం పడుతుంది. పశువైద్యుడు టార్చి వేసి చూసేదీ ఇదే. కుక్క ముసలిదైంది కదా అని ఆ పరీక్ష మానకండి.

గేదె కంట్లో పడే "పువ్వు" మాత్రం సాధారణంగా కటకానిది కాదు, కంటి ముందున్న పారదర్శకపు పొరది.

షుగరు వచ్చిన కుక్కల్లో ఎక్కువ వాటికి ఏడాది తిరిగేలోపే శుక్లాలు వస్తాయి. పిల్లులకు అరుదు! కటకంలోని ఆల్డోజ్ రిడక్టేజ్ అనే ఎంజైము గ్లూకోజును సార్బిటాల్‌గా మారుస్తుంది. అది బయటికి పోలేక నీటిని లాక్కుంటుంది, కటకం ఉబ్బి తెల్లబడుతుంది. వయసొచ్చిన పిల్లుల్లో ఆ ఎంజైము జోరు తక్కువ.

గుడి దగ్గరి అమీర్‌పేటలో మెట్రో ఎక్కితే రైలు మారకుండానే తార్నాక. అక్కడి జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు షుగరు తెప్పించిన ఎలుకలకు మేతలో పసుపు కలిపి పెట్టారు. రక్తంలో చక్కెర తగ్గలేదు, శుక్లం ముదరడం మాత్రం నెమ్మదించింది. 2005లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. మన వంటింటి పసుపు అంత దూరం వెళ్ళడం నాకెంతో ఇష్టమైన సంగతి. అలాగని కుక్క కంట్లో పసుపు వేయకండి! వచ్చిన శుక్లాన్ని కరిగించే చుక్కలమందు లేదు, ఆపరేషనే దారి.

ఆ ఆపరేషన్ మనకు చేసేదే. 1967లో ఛార్లెస్ కెల్మన్, పళ్ళ డాక్టరు గార తీసే అల్ట్రాసౌండ్ పరికరాన్ని చూసి కనిపెట్టిన పద్ధతి. శుక్లం తీశాక అమర్చే కృత్రిమ కటకం మాత్రం వేరు. మనిషికి దాదాపు 20 డయాప్టర్ల శక్తి చాలు, కుక్కకు 41 కావాలి.

జాక్ రసెల్ లాంటి టెర్రియర్ జాతుల్లో ఒక్కోసారి కటకాన్ని పట్టి ఉంచే దారాలు తెగి, అది చోటు తప్పుతుంది. కన్ను ఎర్రబడి నొప్పి పెడితే తెల్లారేదాకా ఆగకూడదు.

చేపల పులుసులో తల తినేవాళ్ళకు కంట్లోంచి తెల్లటి గుండు తగులుతుంది. అది కటకమే. బతికున్నప్పుడు గాజులా తేటగా ఉండేది, పొయ్యి వేడికి ప్రోటీన్లు ముద్దకట్టి తెల్లబడింది. శుక్లంలోనూ ప్రోటీన్లు ముద్దకట్టడమే, కాకపోతే ఏళ్ళ తరబడి. అలా కట్టకుండా కాపాడే ఆల్ఫా క్రిస్టలిన్ మీద మన హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థలో ఎంతో పని జరిగింది.

కటకం నడిమి భాగం పుట్టకముందే తయారవుతుంది, అందులోని పదార్థం బతికినన్నాళ్ళూ అదే. ఆ భాగంలోని రేడియోకార్బన్‌నే లెక్కగట్టి, ఒక గ్రీన్‌లాండ్ సొరచేపకు కనీసం 272 ఏళ్ళుంటాయని 2016లో తేల్చారు.