‘కరెంట్ షాక్’ వైద్యం: ముందు ఇచ్చే ఇంజెక్షన్లు ఎందుకు?

ఇబ్రహీంపట్నం: తీవ్రమైన డిప్రెషన్‌తో అన్నం నీళ్లు మానేసిన మనిషికి, చనిపోతానంటున్న మనిషికి డాక్టర్లు ఒక్కోసారి ఈసీటీ చేయాలంటారు. జనం దీన్నే కరెంట్ షాక్ అంటారు. ఆ మాట వినగానే ఇంట్లో అమ్మీ, అబ్బా హడలిపోతారు. సినిమాల్లో చూపించినట్టు మంచానికి కట్టేసి కరెంట్ పెడతారనే భయం. ఇప్పటి పద్ధతి అది కాదు. మత్తు, కండరాలను సడలించే మందు వచ్చాక ఈ వైద్యం పూర్తిగా మారింది.

అప్పుడు ఎముకలు విరిగేవి

1938లో రోమ్ నగరంలో సెర్లెట్టి, బీని అనే డాక్టర్లు ఈ వైద్యం మొదలుపెట్టారు. ఇందులో మేలు చేసేది మెదడులో వచ్చే ఫిట్స్, ఒళ్లు కొట్టుకోవడం కాదు. కానీ ఆ రోజుల్లో కండరాలు ఒక్కసారిగా బిగుసుకుని వెన్నుపూసలు విరిగేవి. 1940లో అమెరికా డాక్టర్ బెన్నెట్ క్యురారే అనే మందుతో దీన్ని ఆపొచ్చని చూపించారు. 1950ల నుంచి సక్సినైల్‌కోలిన్ వాడుతున్నారు.

ఇప్పుడు ఎలా చేస్తారు?

ముందు మత్తు ఇస్తారు. సడలించే మందు ఒక్కటే ఇస్తే మనిషికి తెలివి ఉంటుంది కానీ కదల్లేడు, ఊపిరి తీసుకోలేడు. అందుకే మత్తు ఎక్కాకే ఈ మందు. ఇది నిమిషంలో పనిచేసి, కొద్ది నిమిషాల్లో దిగిపోతుంది. అంతసేపూ మాస్కుతో ఆక్సిజన్ అందిస్తారు. తర్వాత తలనొప్పి, ఒళ్లునొప్పులు, కొంత మతిమరుపు రావచ్చు. కొందరికి కొన్ని జ్ఞాపకాలు తిరిగి రాకపోవచ్చు.

చట్టం ఏమంటోంది?

2017 మానసిక ఆరోగ్య చట్టం 95వ సెక్షన్ ప్రకారం మత్తు, కండరాల మందు లేకుండా ఈసీటీ ఇవ్వడం నిషేధం. మైనర్లకైతే సంరక్షకుల సమ్మతి, బోర్డు ముందస్తు అనుమతి తప్పనిసరి. రోగులను గొలుసులతో కట్టేయడాన్నీ ఇదే సెక్షన్ నిషేధించింది. 2001లో తమిళనాడులోని ఏర్వాడిలో మంటలు అంటుకున్నప్పుడు, గొలుసుల వల్ల తప్పించుకోలేక మానసిక రోగులు చనిపోయిన ఘోరం చాలామందికి గుర్తుండే ఉంటుంది.

డాక్టర్‌కు దాచకూడనివి

• ఈ మధ్య పురుగుల మందు తాగి ఉంటే పరువు పోతుందని దాచొద్దు. కొన్ని పురుగుల మందుల వల్ల సక్సినైల్‌కోలిన్ త్వరగా దిగదు, ఊపిరి ఆలస్యంగా వస్తుంది.
• ఆపరేషన్ తర్వాత రక్తసంబంధీకుల్లో ఎవరికైనా ఊపిరి ఆలస్యంగా వచ్చి ఉంటే చెప్పాలి. ఇది పుట్టుకతో వచ్చే లోపం కావచ్చు. దగ్గరి సంబంధాలు చేసుకునే కుటుంబాలు మరీ గుర్తుంచుకోవాలి.
• ఒళ్లు కాలినా, పక్షవాతం ఉన్నా చెప్పాలి. అప్పుడు వేరే మందు వాడతారు.
• రంజాన్‌లో సహరీ ఎన్నింటికి తిన్నారో చెప్పాలి. రోజా ఉన్నంత మాత్రాన కడుపు ఖాళీ అయినట్టు కాదు. తిని కనీసం ఆరు గంటలు గడవాలి.
• కట్టుడు పళ్లు, నగలు, లోహపు తావీజు తీసి ఇంటివాళ్లు దగ్గర పెట్టుకోవాలి.

ఎక్కడికి వెళ్లాలి?

ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఎర్రగడ్డలో ఉంది. ఇబ్రహీంపట్నం నుంచి ఎల్‌బీనగర్ చేరితే, అక్కడ మెట్రో ఎక్కి మారకుండా ఎర్రగడ్డలో దిగొచ్చు. సలహా కోసం టెలీమానస్ నంబరు 14416కు ఫోన్ చేయొచ్చు, డబ్బులు తీసుకోరు. చనిపోతానని ఇంట్లో ఎవరైనా అంటుంటే మాత్రం ఆలస్యం చేయకుండా, ఒంటరిగా వదలకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.