తేలికైన సైకిలా, గట్టి సైకిలా? కొండదారి లెక్క వేరు

సైకిల్ షాపులో అడుగు పెట్టగానే మనలో చాలామంది చేసే మొదటి పని, నచ్చిన సైకిల్‌ను ఒక్క చేత్తో ఎత్తి చూడటం. షాపతను కూడా అదే చేయమంటాడు. "పట్టుకుని చూడండి సార్, పువ్వులా ఉంటుంది" అంటాడు. వెంట వచ్చిన తాతగారు మాత్రం పెదవి విరుస్తారు. ఆయన వయసులో తొక్కింది ఇరవై కిలోల నల్ల సైకిల్. వెనక క్యారియర్ మీద బియ్యం మూట, ముందు బారు మీద పిల్లవాడు, అయినా ముప్పై ఏళ్లు నడిచింది. తేలికైనదేదైనా తొందరగా పోతుందని ఆయన నమ్మకం. మనవడికేమో బరువు ఎంత తక్కువైతే అంత గొప్ప.

కొండదారుల్లో తొక్కే మౌంటెన్ బైక్ విషయంలో ఇద్దరి మాటా సగమే నిజం. తేలిక చేయాలంటే ఎక్కడో గట్టితనం తగ్గించాలి, లేదా డబ్బు ఎక్కువ పెట్టాలి. ఇది మనవడు మరిచిపోయే సంగతి. బరువుగా ఉన్నంత మాత్రాన ఏ సైకిలూ గట్టిది కాదు. ఇది తాతగారికి తెలియని సంగతి. ఈ రెండోది మాకు మా ఇంట్లోనే అనుభవమైంది.

మా పిల్లవాడికి మొదట కొన్నది ముందూ వెనకా స్ప్రింగులున్న సైకిల్. చూడటానికి మోటారు సైకిల్‌లా ఉంది. పద్దెనిమిది కిలోలు తూగింది. ఇంత బరువుంది, ఇక ఏళ్ల తరబడి చూసుకోనక్కర్లేదు అనుకున్నాం. ఏడాది తిరక్కుండా వెనక చక్రం ఇరుసు రెండుసార్లు విరిగింది. రెండోసారి వీధి చివరి మెకానిక్ చక్రం విప్పి మాకు చూపించాడు. ఆ సైకిల్‌లో గేరు పళ్ల చక్రాలన్నీ ఒక ముద్దగా హబ్బుకు మరబిగించి ఉన్నాయి. దాన్ని ఫ్రీవీల్ అంటారు. బేరింగు ఆ ముద్దకు లోపలి వైపు ఉండిపోతుంది. అక్కడి నుంచి ఫ్రేమ్ దాకా ఉన్న ఇరుసు ముక్కకు ఏ ఆధారమూ లేదు. స్పీడ్‌బ్రేకర్ మీద ఎగిరి దిగిన ప్రతిసారీ బరువంతా ఆ ముక్క మీదే పడుతుంది. క్యాసెట్ పద్ధతి హబ్బులో బేరింగు ఫ్రేమ్ అంచు వరకూ జరిగి ఉంటుంది కాబట్టి ఇరుసు వంగదు. పద్దెనిమిది కిలోల ఇనుములో ఉండాల్సిన చోట ఉండాల్సిన గట్టితనం లేదన్నమాట. షాపులో ఎత్తి చూస్తే ఇది తెలిసే అవకాశమే లేదు.

అసలు మౌంటెన్ బైక్ పుట్టిందే ఇలాంటి విరుగుళ్ల నుంచి. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం, మరిన్ కౌంటీలో 1970లలో కొందరు కుర్రాళ్లు 1930, 40ల నాటి పాత ష్విన్ సైకిళ్లను సేకరించి మట్టికొండల మీద నుంచి దిగేవారు. అవి లావు టైర్ల బండ సైకిళ్లు, ఇరవై కిలోలకు పైమాటే. ఫెయిర్‌ఫాక్స్ ఊరి దగ్గర వాళ్లు 1976లో మొదలుపెట్టిన పందెం పేరు రీప్యాక్. సుమారు మూడున్నర కిలోమీటర్ల దారిలో నాలుగు వందల మీటర్లు కిందికి దిగాలి. దిగేసరికి వెనక హబ్బులోని బ్రేకు కాలి, గ్రీజు పొగై పోయేది. మళ్లీ గ్రీజు కూర్చాలి, అంటే రీప్యాక్ చేయాలి. పేరు అలా వచ్చింది. ఫ్రేములు, ఫోర్కులు విరుగుతూ ఉండేవి. వాళ్లలో ఒకరైన జో బ్రీజ్ 1977లో క్రోమోలీ ఉక్కు ట్యూబులతో ఈ పనికోసమే ఫ్రేమ్ కట్టాడు. పాతవాటికన్నా తేలిక, పాతవాటికన్నా గట్టి. రెండూ ఒకేసారి ఎలా కుదిరాయంటే, మంచి లోహం వాడాడు, చేతిపని పెట్టాడు. ఖరీదు పెరిగింది.

కీత్ బాంట్రాగర్ అనే అమెరికా సైకిల్ తయారీదారు పేరు మీద ఈ రంగంలో ఒక మాట తిరుగుతుంటుంది: గట్టిది, తేలికైనది, చవకైనది, ఈ మూడింటిలో ఏ రెండైనా ఎంచుకో. మన పెద్దలు అవ్వా కావాలి, బువ్వా కావాలి అంటే ఎలా అనేవారు. ఇక్కడ మూడోది కూడా అడుగుతున్నాం.

లోహం లోపల ఏం జరుగుతుంది

అల్యూమినియం బరువు ఉక్కులో మూడోవంతు. వంగకుండా నిలిచే బిగుతు కూడా సుమారు మూడోవంతే. అందుకని అల్యూమినియం ఫ్రేమ్‌లో ట్యూబులు లావుగా చేస్తారు. ట్యూబు లావెక్కితే బిగుతు చాలా వేగంగా పెరుగుతుంది, కాబట్టి గోడ పలుచన చేసి బరువు తగ్గించుకోవచ్చు. కానీ గోడ మరీ పలచనైతే వేరే చిక్కు వస్తుంది. కూల్‌డ్రింకు డబ్బాను నిలువుగా పెట్టి పైనుంచి నొక్కండి, బాగానే ఓర్చుకుంటుంది. పక్క నుంచి వేలితో పొడవండి, సొట్ట పడుతుంది. రాయి వచ్చి తగిలేది పక్క నుంచే.

అలసట సంగతి ఇంకొకటి. కట్టుతీగను అటూ ఇటూ వంచితే కాసేపటికి తెగుతుంది కదా, లోహానికి అలసట అంటే అదే. ఉక్కు మీద పడే ఒత్తిడి ఒక హద్దు లోపల ఉంటే ఎన్ని లక్షల కుదుపులైనా దాదాపు తట్టుకుంటుంది. అల్యూమినియంకు అలాంటి హద్దు లేదు. ప్రతి చిన్న కుదుపూ దాని ఖాతాలో జమ అవుతూనే ఉంటుంది. మంచి కంపెనీ దాన్ని లెక్కలోకి తీసుకుని అతుకుల దగ్గర లోహం ఎక్కువ వేస్తుంది, ట్యూబు నడుమ భాగంలో తగ్గిస్తుంది. ఐఎస్‌ఓ 4210 ప్రమాణం ప్రకారం మౌంటెన్ బైక్ ఫ్రేమ్‌ను పరీక్షించేటప్పుడు పెడళ్ల మీద 1,200 న్యూటన్ల బలం, అంటే నూట ఇరవై కిలోల మనిషి నిలబడ్డంత బలం, లక్షసార్లు మోపుతారు. అది కొత్త ఫ్రేమ్‌కు పెట్టే పరీక్ష. నాలుగుసార్లు రాళ్ల మీద పడిన ఫ్రేమ్‌కు కాదు.

కార్బన్ ఫైబర్‌ది ఇంకో తీరు. పోగులు ఏ దిశలో పరిచారో ఆ దిశలో అది మహా గట్టి. అలసట విషయంలో అల్యూమినియం కన్నా మేలు. కానీ మొనతేలిన రాయి తగిలితే పైన చిన్న గీతే కనపడుతుంది, లోపల పొరలు విడిపోయి ఉండవచ్చు. ఉక్కు వంగి హెచ్చరిస్తుంది. కార్బన్ చాలాసార్లు చెప్పకుండానే విరుగుతుంది. దీనికి తోడు హ్యాండిల్, సీటు పోస్టు బిగించే చోట కంపెనీ రాసిన కొలతకే బిగించాలి, తరచూ అది 5 న్యూటన్ మీటర్ల దగ్గర ఉంటుంది. టార్క్ రెంచీ లేకుండా చేతి బలం కొద్దీ బిగించే మెకానిక్ దగ్గర అలాంటి సైకిల్ వదలకండి.

1990ల మొదట్లో అమెరికాలో ఈ తేలిక పిచ్చి ఒక దశలో బాగా ముదిరింది. అల్యూమినియం దిమ్మెలను మెషీన్‌లో చెక్కి, ఊదా రంగు పూసిన క్రాంకులు, బ్రేకు లీవర్లు అమ్మేవారు. ముచ్చటగా ఉండేవి, విరిగేవి కూడా. తర్వాత డిస్క్ బ్రేకులు, మంచి సస్పెన్షన్, వెడల్పు టైర్లు వచ్చాక సైకిళ్ల బరువు మళ్లీ పెరిగింది. ఈరోజు కొండబాటలకు చేసే మంచి ట్రెయిల్ బైకులు 14, 15 కిలోలు ఉండటం మామూలే. కొండ దిగే పందేల సైకిళ్లు ఇంకా ఎక్కువ. ప్రతి గ్రాము లెక్కపెట్టే క్రాస్‌కంట్రీ పందెగాళ్లు కూడా ఇప్పుడు వెడల్పు టైర్లకు, సీటు కిందికి దించే డ్రాపర్ పోస్టులకు బరువు ఒప్పుకుంటున్నారు. పంక్చరైతే పందెమే పోతుంది మరి.

రెండు కిలోలు తగ్గితే ఏం మిగులుతుంది

అరవై ఐదు కిలోల మనిషి, పదిహేను కిలోల సైకిల్, మొత్తం ఎనభై. సైకిల్ రెండు కిలోలు తగ్గితే మొత్తంలో తగ్గింది రెండున్నర శాతం. నిటారు ఎక్కుడులో సమయం దాదాపు బరువును బట్టే పోతుంది. నలభై నిమిషాలు పట్టే కొండ ఎక్కుడులో మిగిలేది ఒక నిమిషం. పందెంలో నిమిషం చాలా పెద్దది. ఆదివారం పొద్దున్నే నంది కొండ ఎక్కి, టీ తాగి దిగేవాళ్లకు అది పెద్ద లెక్క కాదు. చక్రం అంచున ఉన్న బరువు వేగం పుంజుకునేటప్పుడు ఇంచుమించు రెట్టింపుగా పనిచేస్తుందన్నది నిజమే. అందుకే తేలిక చక్రాలు తొక్కితే సైకిల్ చురుగ్గా అనిపిస్తుంది. ఒకే వేగంతో ఎక్కేటప్పుడు మాత్రం ఆ తేడా ఉండదు.

చిక్కెక్కడంటే, తేలిక బాగా తెలిసే చోటు టైరు, రిమ్ము. మన రాళ్లు ముందుగా తినేసేదీ వాటినే. చిక్కబళ్లాపురం, కోలారు, కృష్ణగిరి వైపు బాటల్లో ఉండేది నల్లరాతి గుట్టల అంచులు, దారి పొడుగునా సర్కారు కంప ముళ్లు. పందెం టైరు ఆరేడు వందల గ్రాములు ఉంటుంది. దాని పక్కగోడను ఒక్క రాతి అంచు కోస్తే అతుకు పడదు. రెండు మూడు వందల గ్రాములు ఎక్కువైనా పక్కగోడ గట్టిగా ఉన్న టైరు వేసుకుని, ట్యూబు తీసేసి, లోపల సీలెంట్ ద్రవం పోయించుకుంటే ముళ్ల బెడద చాలావరకు తీరుతుంది. ట్యూబు బరువు సుమారు రెండు వందల గ్రాములు కాబట్టి అక్కడికి అక్కడే సరిపోయింది. దీనికి రిమ్ము కూడా ట్యూబ్‌లెస్‌కు పనికొచ్చేదై ఉండాలి, షాపులో అడగండి. పుణె వైపు సహ్యాద్రి వాన బురదలో తొక్కేవాళ్లకు ముళ్ల కన్నా బురద జారుడు సమస్య. అక్కడ టైరు పళ్లు ముఖ్యం. యానాంలో గోదావరి గట్టు మీద తిరిగేవాళ్లకు ఈ గొడవే లేదు, మామూలు సైకిల్ చాలు. స్ప్రింగుల మోత కూడా దండగ.

మేము పాటించే పద్ధతి ఇది. ఒక భాగం విరిగితే దారిలో ఆగిపోతామా, లేక ముఖం పగులుతుందా అని అడుగుతాం. సీటు, పెడళ్లు, గేరు మార్చే సామాను పాడైతే నడిపించుకుంటూ ఇంటికి రావచ్చు. అక్కడ తేలిక కోసం డబ్బు పెట్టినా ఫర్వాలేదు. ఫోర్కు, హ్యాండిల్, దాన్ని పట్టుకునే స్టెమ్, ముందు చక్రం, ఈ నాలుగింటిలో ఏది తెగినా దిగుడులో మనిషి ముందుకు పడతాడు. ఇక్కడ వంద గ్రాములు మిగిలించుకోవడం మాకు ఇష్టం లేదు.

కొనేముందు, పడిన తర్వాత

ఫ్రేమ్ మీద లేదా మాన్యువల్‌లో ఒక వర్గం అంకె ఉంటుంది, దాన్ని చూడండి. అమెరికా ఏఎస్‌టీఎం ప్రమాణం సైకిళ్లను వాడుకను బట్టి విడగొట్టింది. రెండో వర్గమైతే కంకర, మట్టిరోడ్లు, 15 సెంటీమీటర్ల లోపు దిగుళ్లు. మూడో వర్గం కొండబాటలకు, 61 సెంటీమీటర్ల దాకా. నాలుగోది 122 దాకా. ముందు ఫోర్కుకు స్ప్రింగులు, గళ్ల టైర్లు ఉండి కూడా రెండో వర్గంలోనే ఉన్న సైకిళ్లు షాపుల్లో దొరుకుతాయి. తొక్కేవాడి గరిష్ఠ బరువు కూడా అదే పుస్తకంలో ఉంటుంది. బ్యాగుతో కలిపి లెక్క చూసుకోండి.

పడిన తర్వాత సైకిల్ తుడిచి, వెలుతురులో హెడ్‌ట్యూబ్ వెనక అతుకులు, సీటు కింది అతుకు, క్రాంకు దగ్గర అతుకు చూడండి. రంగు మీద వెంట్రుకంత గీత కనపడితే, తొక్కేకొద్దీ అది పెరుగుతుంటే, అది రంగు కాదు, బీట. అల్యూమినియం ఫ్రేమ్‌ను గేట్లు, గ్రిల్లులు చేసే షాపులో వెల్డింగ్ పెట్టించడం మన ఊళ్లలో మామూలు. దయచేసి వద్దు. సైకిళ్లకు వాడే చాలా అల్యూమినియం రకాలు వెల్డింగ్ వేడికి ఆ చుట్టుపక్కల మెత్తబడతాయి. కంపెనీలో వెల్డింగ్ అయ్యాక మళ్లీ పొయ్యిలో పెట్టి గట్టిపరుస్తారు. వీధి షాపులో ఆ పొయ్యి లేదు. అతుకు బాగానే కనపడుతుంది, దాని పక్కనే విరుగుతుంది.

మన ఇళ్లలో అన్న సైకిల్ తమ్ముడికి వస్తుంది, తమ్ముడిది మేనమామ కొడుక్కు పోతుంది. అలా చేతులు మారేటప్పుడు గ్రిప్పులు, గంట కొత్తవి వేయిస్తాం. వాటితోపాటు హ్యాండిల్ బార్ కూడా మార్చండి. అన్నయ్య దానితో ఎన్నిసార్లు పడ్డాడో ఇంట్లో ఎవరికీ చెప్పి ఉండడు.